గొంతుకో ట్రాకు

"ఇంట్లో పాటలు రికార్డు చేసుకుందామనుకుంటున్నాం, పది పదిహేను వేలలో మంచి మిక్సర్ ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. పిల్లలకి సంగీతం చెప్పిస్తున్న తల్లిదండ్రులు, కథలు చదివి యూట్యూబులో పెడుతున్న రిటైర్డు మాస్టార్లు, కవర్ సాంగులు పాడే ఇంజినీరింగు కుర్రాళ్లు, భజన మండలి వాళ్లు. మోడల్ పేరు చెప్పే ముందు నేను రెండు సంగతులు అడుగుతాను. ఒకేసారి ఎన్ని మైకులు పెడతారు? పాడేశాక ఆ రికార్డింగులో ఏమేం సరిదిద్దుకోవాలనుకుంటారు? మొదటిదానికి జవాబు ఠక్కున వస్తుంది. రెండోది అడగ్గానే ఆలోచనలో పడతారు. డబ్బు వృథా అయ్యేది ఆ రెండో ప్రశ్న దగ్గరే.

ఒక్కరే పాడేవారైతే మిక్సర్ కొనొద్దు. ఇది గట్టిగానే చెబుతాను. ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటిది తీసుకుంటే రెండు మైకులు పెట్టుకోవచ్చు. ఒకటి గొంతుకి, ఇంకొకటి వయొలిన్‌కో హార్మోనియానికో. రెండూ కంప్యూటర్లోకి వేర్వేరు ట్రాకులుగా వెళ్తాయి. అదే ధరలో మిక్సర్ తీసుకుంటే ఆ డబ్బంతా ఈక్వలైజర్ నాబ్‌లకీ ఫేడర్లకీ ఎఫెక్టులకీ పంచుకుపోతుంది. వేదిక మీద అవన్నీ కావాలి, ఎందుకంటే అక్కడ పాట ఆ క్షణంలోనే జనానికి వినబడాలి. ఇంట్లో ఆ తొందరేం లేదు. బాస్ తగ్గించడం, రివర్బ్ కలపడం రేపు పొద్దున్న కాఫీ తాగి తీరిగ్గా చేసుకోవచ్చు.

నలుగురు కలిసి పాడేచోట మిక్సర్ అవసరం పడుతుంది. అక్కడే పెద్ద గోతి కూడా ఉంది. మా బాబాయి ఒకసారి పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. వాళ్ల ఊరి బుర్రకథ దళాన్ని కూర్చోబెట్టి కథంతా రికార్డు చేయించాడు. కథకుడికి డెబ్బై దాటాయి. పక్కన ఇద్దరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెట్లు. అయిదు మైకులు పెట్టారు, మిక్సర్ కొత్తది, దాని యూఎస్‌బీ కేబుల్ లాప్‌టాప్‌కి తగిలించారు. విన్నాను. గుమ్మెట్లు గదంతా మోగుతున్నాయి, వాటి వెనకెక్కడో పెద్దాయన గొంతు.

"ఒరే అబ్బాయ్, ఆ గుమ్మెట్ల మోత తగ్గించి మా కథకుడి గొంతు కాస్త పైకి తియ్యి" అన్నాడు.

"కుదరదు బాబాయ్, అన్నీ కలిసిపోయాయి" అన్నాను.

"అయిదు మైకులు పెట్టాం కదరా!"

పెట్టారు. కానీ ఆ మిక్సర్ లాప్‌టాప్‌కి పంపింది రెండు ట్రాకులే, ఎడమ ఒకటి, కుడి ఒకటి. బజారులో దొరికే చిన్న యూఎస్‌బీ మిక్సర్లు దాదాపు అన్నీ అంతే. పైన ఎనిమిది ఫేడర్లున్నా పన్నెండున్నా కేబుల్‌లోంచి బయటికొచ్చేది కలిపేసిన స్టీరియో. కలిశాక పాలూ నీళ్లూ వేరుచేయడం హంసకే చెల్లింది. గొంతునీ వాద్యాన్నీ విడదీసే కంప్యూటర్ ప్రోగ్రాములు ఇప్పుడున్నాయి, సినిమా పాటల మీద బాగానే పనిచేస్తాయి. మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి పడుతూ, గుమ్మెట మోత మైకుల నిండా పాకినచోట మాత్రం గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టయిపోతుంది.

ఒకప్పటి సినిమా పాటలు ఇలాగే రికార్డు కాలేదా అని అడగొచ్చు. నిజమే. 1950లలో మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయిస్తే మిక్సింగ్ అక్కడికక్కడే, మోనోలో, అయిపోయేది. ఎవరు మైకుకి దగ్గరగా ఉండాలో, ఎవరు వెనక్కి జరగాలో ముందే తేల్చుకునేవారు. ఎన్నో రిహార్సల్స్ చేసేవారు. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటినుంచి. ఘంటసాల గొంతు ఇన్నేళ్ల తర్వాత కూడా అంత తేటగా వినిపిస్తోందంటే అందులో సగం పుణ్యం అద్దానికి అవతల కూర్చున్న ఆ రికార్డిస్టుల చెవులది. మనిళ్లలో మైకు సర్దేవాడే తాళం వేస్తాడు, తాళం వేసేవాడే రికార్డు బటన్ నొక్కుతాడు. అలాంటప్పుడు అన్నీ ఇప్పుడే తేల్చేయాలంటే ఎలా? ఎవరి గొంతు వాళ్ల ట్రాకులో విడిగా ఉంటే తప్పులు రేపు దిద్దుకోవచ్చు.

అందుకని కొనేముందు అడగాల్సిన మాట ఒకటే: యూఎస్‌బీలోగానీ మెమరీ కార్డులోగానీ ఎన్ని ట్రాకులు విడివిడిగా వెళ్తాయి? జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-8 అనే చిన్న డిజిటల్ మిక్సర్‌కి ఆరు మైకులు పెట్టొచ్చు, ప్రతి మైకూ విడి ట్రాకుగా ఎస్‌డీ కార్డులోకి వెళ్తుంది, కంప్యూటర్ కూడా అక్కర్లేదు. బుర్రకథకి సరిగ్గా సరిపోతుంది: కథకుడికి ఒకటి, వంతలకి చెరొకటి, గుమ్మెట్లకి చెరొకటి, కథకుడి తంబురాకీ బొటనవేలి అందెకీ కలిపి ఇంకొకటి. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే, టాస్కామ్ మోడల్ 12, బెరింజర్ ఎక్స్ఆర్18 కూడా విడి ట్రాకులిచ్చేవే. వీటిలో ఎక్స్ఆర్18కి ఫేడర్లే ఉండవు, ట్యాబ్లెట్ మీద నడపాలి. ఏదైనా సరే, చిన్న స్టీరియో మిక్సర్ ధరకి ఇవి రావు.

మరి చేతిలో ఉన్నది చవక మిక్సరే అయితే? దానికీ ఒక ఉపాయం ఉంది. ఎందుకోగాని చాలామంది ఇది వాడరు. మామూలుగా ప్రతి మైకు చానల్‌కీ ప్యాన్ నాబ్ ఉంటుంది. కథకుడి గొంతుకి పెట్టిన మైకు ప్యాన్‌ని పూర్తిగా ఎడమకి తిప్పేయండి. మిగిలిన మైకులన్నిటినీ పూర్తిగా కుడికి. ఇప్పుడు కంప్యూటర్‌కి వెళ్లే రెండు ట్రాకుల్లో ఎడమదానిలో గొంతు, కుడిదానిలో మిగతావన్నీ ఉంటాయి. రికార్డింగు అయ్యాక ఆడాసిటీ, రీపర్ లాంటి ఎడిటింగు ప్రోగ్రాములో ఆ స్టీరియో ట్రాకుని రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, రెంటినీ మధ్యకి తెచ్చుకుంటే గొంతు ఎంత పెంచాలో, గుమ్మెట ఎంత తగ్గించాలో మీ చేతిలో పని. రికార్డు చేసేటప్పుడు హెడ్‌ఫోన్లలో ఒక చెవికి గొంతు, ఇంకో చెవికి మోత వినిపించి వింతగా ఉంటుంది, కంగారుపడొద్దు.

అయితే గాలిలో కలిసిపోయినదాన్ని ఏ నాబూ విడదీయలేదు. గుమ్మెట మోత గొంతు మైకులోకి నేరుగా పడకుండా కూర్చోబెట్టడం మన బాధ్యత. ష్యూర్ ఎస్ఎం58 లాంటి మైకు ఎదురుగా ఉన్నదాన్ని బాగా అందుకుంటుంది, వెనకవైపు నుంచి వచ్చేది తక్కువ వింటుంది. కాబట్టి గొంతు మైకు వీపు గుమ్మెట వైపు ఉండేలా మనుషుల్ని జరపండి. 1966లో వచ్చిన మైకు అది, ఇప్పటికీ మైకు సెట్టు వాళ్ల పెట్టెల్లో ఉంటుంది. ఫ్యాను, కుక్కరు, వీధిలో ఆటోలు ఉండే మనిళ్లకి ఖరీదైన కండెన్సర్ మైకు కన్నా నోటికి దగ్గరగా పెట్టుకునే ఇలాంటి డైనమిక్ మైకే నయమని నా అభిప్రాయం.

ఇక అట్టపెట్టె మీది అంకెలు. 'ఎనిమిది చానళ్లు' అని ఉంటే ఎనిమిది మైకులు పడతాయనుకోకండి. బెరింజర్ జెనిక్స్ క్యూ802యూఎస్‌బీలో మైకులకి రెండే దారులు. యమహా ఎంజీ10ఎక్స్‌యూలో నాలుగు. మిగతావి కీబోర్డు, ఫోను లాంటివి తగిలించుకునే స్టీరియో లైన్లు. యమహా ఆ వరసలో ఎక్స్ అంటే ఎఫెక్టులు, యూ అంటే యూఎస్‌బీ. ఎంజీ06ఎక్స్‌లో యూ లేదు కాబట్టి కంప్యూటర్ దారీ లేదు. మిక్సర్ మీద మైకులకున్న క్యానన్ (ఎక్స్ఎల్ఆర్) సాకెట్లు లెక్కపెట్టండి, అదే అసలు లెక్క. కొన్ని చవక మిక్సర్లకి ముందువైపు యూఎస్‌బీ రంధ్రం, పక్కనే చిన్న తెర, బ్లూటూత్ ఉంటాయి. చాలాసార్లు ఆ రంధ్రం పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వినడానికే, లాప్‌టాప్‌కి ఒక్క ముక్క కూడా పంపదు. కంప్యూటర్‌కి వెళ్లే దారి సాధారణంగా చదరంగా, ప్రింటర్‌కి ఉండేలాంటి సాకెట్టు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా ఆన్‌లైన్లో కొన్నా ఇది తేల్చుకోకుండా డబ్బు కట్టకండి.

మైకు కేబుల్ దగ్గరా ఇలాంటిదే ఒకటి జరుగుతుంది. ఒకవైపు క్యానన్, ఇంకోవైపు గిటారుకి వాడేలాంటి పీ-38 జాక్ ఉన్న కేబుల్ పట్టుకొచ్చి లైన్ సాకెట్లో గుచ్చుతారు. కండెన్సర్ మైకుకి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఆ దారిలో రాదు. మైకు పాడైందని వాపసు చేసేస్తారు. రెండువైపులా క్యానన్ ఉన్న కేబులే కొనండి. ఫాంటమ్ బటన్ నొక్కే ముందు ఫేడర్లు కిందికి దించండి, లేకపోతే స్పీకర్లో ఢామ్మంటుంది.

గెయిన్ నాబ్ సరిగ్గా పెట్టడం వస్తే మామూలు మిక్సర్ కూడా మంచి మిక్సరే. పాడేవాళ్లని "మైకు చెక్" అనమనొద్దు, పాటలో గొంతు అన్నిటికన్నా పైకి లేచే చోటు పాడమనండి. అలా పాడుతుండగా గెయిన్ మెల్లగా పెంచుతూ, పీక్ లైటు ఎర్రగా ఒక్కసారి మెరిసిన చోట ఆగి, అక్కణ్నించి కొంచెం వెనక్కి తిప్పండి. కంప్యూటర్ మీటరు -12 డెసిబెల్స్ దగ్గర తిరిగితే చాలు. 24 బిట్ రికార్డింగులో కిందనే ఉన్నా నష్టం లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పైకి తగిలి పగిలిన గొంతుని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. మిక్సర్లోని రివర్బ్ కూడా రికార్డింగులోకి పోనివ్వొద్దు, ఒకసారి అంటుకుంటే వదలదు. కరోకే ట్రాకు మీద పాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కంప్యూటర్ నుంచి వచ్చే పాటని హెడ్‌ఫోన్లకి మాత్రమే పంపే బటన్ ఉంటుంది. దాని బదులు మెయిన్ మిక్స్‌కి పంపే బటన్ నొక్కి ఉంటే మీ గొంతు ట్రాకులోకి ఆ సంగీతం కూడా చేరిపోతుంది.

కరెంటు గురించి ఒక హెచ్చరిక. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే గుయ్‌మని హమ్ వస్తుంటే, చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. హమ్ పోతే దోషం ఎర్తింగ్ దారిలో ఉన్నట్టు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెస్తే చాలావరకు తగ్గుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిస్తే వచ్చే గరగరకి ఇన్వర్టర్ ఆపడమే మందు. హమ్ పోవాలని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయొద్దు, ఇనప మైకుకి పెదవి ఆనించి పాడేది మన పిల్లలే.

చివరికి నా తీర్పు ఇది. ఒక్కరైతే రెండు మైకుల ఇంటర్‌ఫేస్. ఇద్దరు ముగ్గురు కూర్చుని కబుర్లు చెప్పుకునే పాడ్‌కాస్ట్ అయితే ఎంజీ10ఎక్స్‌యూ లాంటి నాలుగు మైకుల మిక్సర్, ప్యాన్ ఉపాయంతో. భజన, బుర్రకథ, పల్లెపాటల బృందాలైతే విడి ట్రాకులిచ్చేది తప్ప ఇంకేదీ కొనొద్దు, అవసరమైతే ఇంకో ఏడాది ఆగండి. మిగిలిన డబ్బు గట్టి స్టాండుకీ మంచి కేబుళ్లకీ కిటికీకి దళసరి పరదాకీ పెట్టండి.

కొనడానికి ఆగొచ్చుగాని రికార్డు చేయడానికి ఆగకండి. చాలా పట్టణాల్లో సౌండ్ సర్వీసు వాళ్ల దగ్గర డిజిటల్ మిక్సర్లు అద్దెకి దొరుకుతున్నాయి. "మల్టీట్రాక్ రికార్డింగు కావాలి, ఏ మైకుకి ఆ ట్రాకు విడిగా ఇవ్వాలి" అని ముందే చెప్పి ఒక్క రోజుకి తెచ్చుకోండి. మీ ఊళ్లో కథ చెప్పేవాళ్లు, జోలపాటలూ నాట్ల పాటలూ తెలిసిన ముసలమ్మలు ఉంటే వాళ్లని కూర్చోబెట్టి పాడించండి. ఆ ట్రాకులు ఏమీ కలపకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో దాచండి. మిక్సింగ్ మీకు రాకపోతే తర్వాత ఎవరైనా చేసిపెడతారు.