రెండు గ్రంథములు, ఒక నింద

1967వ సంవత్సరమున అమెరికాలో ఒకే విషయమును గూర్చి రెండు గ్రంథములు వెలువడినవి. ఒకటి బ్రూనో బెటెల్‌హైమ్ రచించిన ‘ది ఎంప్టీ ఫోర్‌ట్రెస్’, అనగా శూన్యదుర్గము. రెండవది క్లారా క్లెయిబోర్న్ పార్క్ రచించిన ‘ది సీజ్’, అనగా ముట్టడి. రెండింటికిని విషయము ఆటిజము గల శిశువే. పిలిచిన పలుకక, తల్లి కన్నులలోనికి చూడక, తన లోకమున తానుండు బిడ్డను ఇద్దఱును కోటతోనే పోల్చిరి. కాని ఆ కోటను కట్టినవారెవరను ప్రశ్నకు వారిచ్చిన సమాధానములు వేఱు. ఈ గ్రంథములు ప్రాతవైనను వానిని ఇప్పుడు విమర్శకు తెచ్చుటకు కారణము, మొదటి దానిలోని నింద మన యిండ్లలో నేటికిని తెలుగున వినబడుచుండుటయే.

బెటెల్‌హైమ్ 1903లో వియన్నా నగరమున జన్మించెను. 1938లో నాజీలు ఆయనను బంధించి డాకావు, బూకెన్‌వాల్డ్ శిబిరములలో ఉంచిరి. మఱుసటి యేడు విడుదలయై అమెరికా చేరి, 1944 మొదలు 1973 వఱకు చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన చికిత్సాపాఠశాల కొకదానికి అధిపతిగా నుండెను. శిబిరములలో ఆశ విడిచి, చలనము మాని, చూపు శూన్యమైన బందీలను ఆయన కన్నులార చూచినవాడు. పిదప ఆటిజము గల పిల్లలను చూచినప్పుడు ఆ బందీలే స్ఫురించిరి. ఇంతవఱకు తప్పు లేదు. కాని ఆయన అక్కడ ఆగలేదు. బందీ ఉన్నాడు గనుక చెఱలో నుంచినవారును ఉండవలయునని యెంచి, ఆ స్థానమున తల్లిని నిలువబెట్టెను. ఈ బిడ్డ లేకున్న బాగుండునని తల్లిదండ్రులు లోలోపల కోరుకొనుటయే ఈ స్థితికి మూలమని ఆయన సిద్ధాంతము. కావున బిడ్డను వారినుండి వేఱుచేసి ఉంచుటయే ఆయన చికిత్సలో ప్రధానాంగమయ్యెను.

గ్రంథము చదువుటకు ఇంపుగా నున్నదని ఒప్పుకొనవలయును. తాను యంత్రమని నమ్మి, భోజనమునకు ముందు లేని తీగెలను నేలపై పఱచుకొని, ఆ తీగెలద్వారా విద్యుత్తు వచ్చినగాని తినజాలని జోయీ అను బాలుని కథ చదివినవారు మఱవలేరు. రచయితకు కథ చెప్పు నేర్పు కలదు. ఆ నేర్పే కీడు చేసినది. తర్కశాస్త్రము చదివినవారు దీనిలోని దోషమును తేలికగా పట్టుకొందురు. వ్యాప్తి నిర్ణయము లేదు, అనుమానము మాత్రము కలదు. ఆ తల్లులే పెంచిన తక్కిన బిడ్డలు చక్కగా ఎదుగుచుండిరి గదా, వారి సంగతి ఏమి? ఎంత పిలిచినను పలుకని బిడ్డ యెదుట తల్లి ముఖము వాడిపోయినచో, ఆ వాడుట కారణమా, కార్యమా? ఈ ప్రశ్నలు గ్రంథకర్తను బాధించినట్లు తోచదు. 1990లో ఆయన మరణించిన పిదప, ఆ బడిలో పెరిగిన కొందఱు తమను ఆయన కొట్టెడివాడని పత్రికలలో ప్రకటించిరి. తల్లుల కాఠిన్యమును గూర్చి అంత వ్రాసినవానిపై ఇట్టి యారోపణ వచ్చుట గమనింపదగినది.

నింద ఆయనతోనే పుట్టలేదు. బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ 1943లో పదునొకండుగురు పిల్లలను వర్ణించి ఈ స్థితికి పేరు పెట్టెను. ఇది పుట్టుకతో వచ్చినదని ఆ వ్యాసముననే చెప్పినను, 1949 నాటికి తల్లిదండ్రుల చల్లదనమును మంచుపెట్టెతో పోల్చెను. ‘మంచుపెట్టె తల్లులు’ అను మాట దానినుండి వ్యాపించినది. 1964లో అమెరికా నౌకాదళమున పనిచేయు మనస్తత్వశాస్త్రజ్ఞుడు, స్వయముగా అట్టి బిడ్డకు తండ్రి, బెర్నార్డ్ రిమ్‌లాండ్ ఈ వాదమును గ్రంథముఖమున ఖండించెను. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలిచి వారిని నిర్దోషులుగా ప్రకటించెను. 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అను నిరువురు ఇరువదియొక్క కవలజంటలను పరీక్షించి వంశపారంపర్యమునకు ఇందు గొప్ప పాలు కలదని చూపిరి. అంతటితో శాస్త్రమున నింద తొలగుట మొదలైనది. లోకమున తొలగుట వేఱు సంగతి.

ఇక పార్క్ గ్రంథము. ఆమె కళాశాలలో ఆంగ్లసాహిత్యము బోధించిన యుపాధ్యాయిని, నలుగురు బిడ్డల తల్లి. 1958లో పుట్టిన కడపటి బిడ్డకు గ్రంథమున ఎల్లీ అని పేరు పెట్టినది. ఆ శిశువు ఒక మచ్చ చుట్టును గుండ్రముగా ప్రాకుచు, ఎవ్వరితోను పనిలేక, తృప్తిగా నవ్వుకొనుచుండగా గ్రంథము మొదలగును. ఏడ్పు లేదు, మొఱ లేదు. సుఖముగా నున్న బిడ్డను చూచి తల్లి భయపడుటలో ఎంత దుఃఖమున్నదో ఆమె విప్పి చెప్పదు. చదువరికే విడిచినది.

గ్రంథమంతయు ఆమె సాధనను గూర్చిన లెక్కపుస్తకము వంటిది. ఎల్లీ తన చేతితో ఏ పనియు చేయదు; తల్లి చేయి పట్టుకొని దానిని పనిముట్టుగా వాడును. నీటిగొట్టము తిప్పుట నేర్పుటకై తల్లి బిడ్డ చేతిపై తన చేయి ఉంచి తిప్పును. దినదినమును తన బలమును కొంచెము కొంచెము తగ్గించును. చివరకు తిప్పుచున్నది బిడ్డయే. ఇట్టి చిన్న గెలుపునకై ఆమె వెచ్చించిన ఓపికను బెటెల్‌హైమ్ సిద్ధాంతమున ఎక్కడ ఇముడ్చుట? బిడ్డ లేకుండ పోవలెనని కోరు తల్లి చేయు పనియా ఇది?

వైద్యులను గూర్చిన ప్రకరణము ప్రతి వైద్యుడును, మాబోంట్లగు ప్రతి బడిపంతులును చదువదగినది. ఒక సంస్థలో పరీక్షలన్నియు జరిగిన పిదప ఆ దంపతులకు దొరకినవి కొన్ని పొడిమాటలు మాత్రమే. ఇంటికి పోయి ఏమి చేయవలయునో ఎవరును చెప్పలేదు. ఇంగ్లండులో హాంప్‌స్టెడ్ చికిత్సాలయమువారు మాత్రము ఆమెను తోడి పనివానివలె ఆదరించిరి. వింత యేమనగా, ఆ చికిత్సాలయము ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్‌ది. బెటెల్‌హైమ్ ఏ శాస్త్రము పేర తల్లులను దండించెనో, ఆ శాస్త్రమునకే చెందినవారు ఈ తల్లికి ధైర్యము చెప్పిరి. దోషము శాస్త్రముకంటె మనుష్యులను చూచు చూపులో ఎక్కువ ఉన్నదని దీనివలన తోచుచున్నది.

పార్క్ గ్రంథము నిర్దుష్టమని మేము చెప్పము. ఆమెకు చదువు, భర్తకు విశ్వవిద్యాలయస్థాయి ఉద్యోగము, ఇంటిలో సాయముచేయు మనుష్యులు కలరు. కూలికి పోవు తల్లికి ఇన్ని గంటలు ఎక్కడివి? మఱియు ముట్టడి అను మాటయే సరియైనదా యని ఆటిజము గలవారే తరువాతి కాలమున ప్రశ్నించిరి. వారిలో జిమ్ సింక్లెయిర్ 1993లో, లేని బిడ్డకై దుఃఖింపక ఉన్న బిడ్డను గుర్తింపుడని తల్లిదండ్రులకు హెచ్చరిక వ్రాసెను. ఆ ఆక్షేపణ న్యాయము. అయినను పార్క్ మాఱగలిగిన రచయిత్రి. 2001లో ప్రకటించిన రెండవ గ్రంథమునకు ఆమె పెట్టిన పేరు నిర్వాణమునుండి నిష్క్రమించుట అను నర్థమిచ్చును. మన వారు కోరుకొను నిర్వాణమునుండి బిడ్డను వెలికి తీసికొనివచ్చి సంసారమున నిలుపుటయే ఇచ్చట పురుషార్థము! అప్పటికి కుమార్తె కళాశాలలోని తపాలాగదిలో ఉత్తరములు వేఱుచేయు ఉద్యోగిని. ఇండ్లను, వంతెనలను వింతవన్నెలతో చిత్రించు చిత్రకారిణి.

మన యిండ్లకు వత్తము. పిల్లవాడు పెండ్లిపందిటిలో నేలబడి పొర్లినచో చుట్టములు మొదట చూచునది బిడ్డను కాదు, తల్లిని. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ యనువారు ఒకరు, గారాబమనువారు ఒకరు, ఉద్యోగమునకు పోవుటచేతననువారు ఒకరు. అత్తవారివైపు ఎవరికిని ఇట్టిది లేదను మాట తప్పక వచ్చును. తండ్రి పేరు ఈ పంచాయతీలో తఱచు రాదు. బడిలో మేమును ‘పెంపకము చూచుకొనుడు’ అని చీటి వ్రాసి పంపుదుము. బెటెల్‌హైమ్ పేరు వినని పల్లెలోను ఆయన సిద్ధాంతము నడచుచునే యున్నది. దీని ఫలము నిందతో ముగియదు. తల్లి పెండ్లిండ్లకు పోవుట మానును, ఇరుగుపొరుగువారికి తలుపు వేయును, వైద్యునివద్దకు పోవుట ఆలస్యము చేయును. బిడ్డకు సాయము చేయగల ముఖ్యమైన మనిషి ఈ విధముగా ఒంటరియగును. 2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల పిల్లలలో నూటికి సుమారు ఏడుగురు ఏదో యొక మానసిక బాధ గలవారని తేలినది. అనగా ప్రతి తరగతిగదిలోను ఇట్టి యింటి బిడ్డ ఒకరైనను ఉండుట సంభవము.

తల్లిని నమ్మినచో ఏమగునో చూపిన పరిశోధన మన దేశముననే జరిగినది. గోవాలోను, పాకిస్తానమందలి రావల్పిండిలోను 65 మంది ఆటిజము గల పిల్లల కుటుంబములతో చేసిన యత్నము ఫలితములు 2016లో ప్రకటితమైనవి. సాయము చేసినవారు గొప్ప వైద్యులు కారు, తర్ఫీదు పొందిన సామాన్య కార్యకర్తలు. తల్లి బిడ్డతో ఆడుకొనుటను చిత్రించి, ఆ చిత్రమును ఆమెతో కూర్చుండి చూచి, ఇదిగో ఇక్కడ నీవు ఆగి వానికొఱకు వేచితివి, వాడు నీవైపు తిరిగినాడు అని చూపుటయే పద్ధతి. కొన్ని నెలలలో తల్లులు బిడ్డ సైగను అందుకొనుట, బిడ్డలు తామై పలుకరించుట హెచ్చినవి. బిడ్డ బాధ అంతయు తీఱెనని వారు చెప్పలేదు. ఆ మితభాషణమే మాకు నమ్మకము కలిగించుచున్నది.

సికిందరాబాదులో 1984 నుండి బుద్ధిమాంద్యము గల పిల్లలకై జాతీయ సంస్థ యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. ఆటిజము, పఠనవైకల్యము, మానసికవ్యాధి వానిలో చేరినవి. నిలకడలేమితో గంతులు వేయు పిల్లల స్థితి మాత్రము ఆ పట్టికలో విడిగా లేదు. వారి తల్లులు కచ్చేరీలో ఏ గడిలో వ్రాయించుకొనవలయునో మాకు తోచకున్నది. అధికమైన ఆసరా కావలసినవారికి సంరక్షకభృతి ప్రసక్తియు చట్టమున ఉన్నది. ఇవన్నియు అవసరమే. కాని చట్టము చేయలేని పనులు కొన్ని కలవు. బిడ్డను రెండు గంటలు ఎత్తుకొనిపోయి తల్లిని నిద్రపోనిచ్చు మేనత్త, ఆదివారము తోబుట్టువును సినిమాకు తీసికొనిపోవు చిన్నాన్న, వానికి చప్పుడు పడదు కాబోలు, మేళము ఆవలికి జరుపుడు అని చెప్పు పెండ్లిపెద్ద ఈ చట్టములో దొరకరు.