ఇరుసు పాఠము పంటి ఫైలుకు చెల్లునా?

లోహపు అలసటను బోధించునపుడు రైలుబండి ఇరుసును చూపుట వాడుక. నిజామాబాదు, బోధను ప్రాంతపు ఉపాధ్యాయునికి అంతకన్న దగ్గరి ఉదాహరణ చెరకు గానుగ ఇరుసు. నిజాంసాగరు నీటితో ఆ నేలలో చెరకు పెరిగినది. 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ దానిని ఆడినది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడినను, గానుగ ఇరుసు నేర్పు పాఠము పాతబడలేదు. అయితే ఆ పాఠమునే రూట్ కెనాల్ చికిత్సలో తిరుగు సన్నని ఫైలుకు యథాతథముగా అన్వయించినచో పొరపాటు జరుగును. 1997లో ప్రూయెట్, క్లెమెంట్, కార్న్స్ అను పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము ఈ సంగతిని చక్కగా తెలుపును. ఆ ప్రయోగమునకు కొన్ని లోపములును కలవు.

మొదట ఇరుసు సంగతి. రోలర్లపై పడు బరువు ఇరుసును కొద్దిగా వంచును. ఒక వైపు లోహము సాగును, ఎదుటి వైపు నొక్కుకొనును. అరచుట్టు తిరుగగానే సాగినది నొక్కుకొనును, నొక్కుకొనినది సాగును. ఒక్క పర్యాయమునకు విరువలేని బరువైనను లక్షల పర్యాయములు ఇట్లు మారినచో పగులు పుట్టునని 19వ శతాబ్దమున జర్మనీలో వోలర్ రైలు ఇరుసులపై నిరూపించెను. దీనికి విరుగుడు ఇరుసును లావు చేయుట. బరువు మారనిచో, వ్యాసము రెట్టింపైన ప్రతిబలము ఎనిమిదవ వంతుకు తగ్గును.

ఇక ఫైలు. పంటి వేరులోని నాళమును శుభ్రపరచి, గోడలను గీకి వెడల్పు చేయుట దీని పని. మోటారుపై నిమిషమునకు 300 చుట్లు తిరిగినచో సెకనుకు 5 చుట్లు. నికెల్, టైటానియముల మిశ్రమముతో ఫైళ్లు చేయవచ్చునని 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ చూపిరి. సామాన్యపు ఉక్కు ఒక శాతము సాగకమునుపే శాశ్వతముగా వంగిపోవును. ఈ మిశ్రమము సుమారు 8 శాతము వరకు సాగియు తిరిగి యథారూపము పొందగలదు.

అసలు భేదము ఇక్కడ నున్నది. ఇరుసుపై పడునది బరువు. ఫైలుపై పడునది వంపు. వేరు ఎంత వంగియుండునో ఫైలు అంత వంగి తీరవలెను. అప్పుడు దాని అంచున కలుగు వికృతి, వ్యాసమును వంపు వ్యాసార్ధపు రెట్టింపుచే భాగించిన వచ్చును. వంపు వ్యాసార్ధము 5 మిల్లీమీటర్లైనచో, 0.25 మిల్లీమీటరు తీగకు 2.5 శాతము, 0.5 మిల్లీమీటరు తీగకు 5 శాతము. ఇరుసును కాపాడిన లావే ఇక్కడ ఫైలునకు శత్రువు!

1997 నాటి ప్రయోగము దీనినే కంటికి కట్టినట్లు చూపినది. 2, 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధములు, 30, 45, 60 డిగ్రీల కోణములు గల ఆరు ఉక్కు గొట్టములలో ఫైళ్లను విరుగువరకు త్రిప్పిరి. లావు ఫైళ్లు తక్కువ చుట్లలోనే విరిగినవి. వంపు నడిమిభాగమున విరిగినవి. వేగము మారినను చుట్ల సంఖ్య మారలేదు. అనగా వేగము రెట్టింపైన అవే చుట్లు సగము కాలములో తీరిపోవును. అంతకుముందు 1971 నాటి ష్నైడర్ పద్ధతి వంపు కోణమును మాత్రమే కొలిచెడిది. ఒకే కోణము గల రెండు నాళములలో ఒకటి నెమ్మదిగా, మరొకటి హఠాత్తుగా వంగవచ్చును. కావున వ్యాసార్ధమును కూడ లెక్కలోనికి తెచ్చుట ఈ ప్రయోగపు గొప్ప గుణము.

అయితే ఉక్కు గొట్టము పన్ను కాదు. అందు ఫైలు దేనిని కోయదు. దానిపై ఉంచినది 10 గ్రాము-సెంటీమీటర్ల స్వల్పమైన మెలిబలము మాత్రమే. నిజమైన పంటిలో ఫైలు కొన గోడలో చిక్కుకొనుట కలదు. కొన నిలిచి మోటారు తిరిగినచో ఫైలు మెలిపడి తెగును. మెల్‌బోర్నులో వాడి పారవేసిన 378 ఫైళ్లను పరీక్షించి 2000లో ప్రకటించిన ఫలితములలో, విరిగినవానిలో 55.7 శాతము మెలి వలన, 44.3 శాతము వంపు అలసట వలన విరిగినట్లు తేలినది. కావున గొట్టములో ఎక్కువ చుట్లు తిరిగినదే మేలైన ఫైలు అని తీర్పు చెప్పుట సగము సాక్ష్యముతో తీర్పు చెప్పుటయే.

మెలి విషయములో ఇరుసు పాఠము మరల చెల్లును: వ్యాసము రెట్టింపైన మెలిని ఓర్చు శక్తి ఎనిమిది రెట్లగును. వంపు సన్నని ఫైలును కోరును. మెలి లావు ఫైలును కోరును. ఈ రెండు కోరికల నడుమనే దంతవైద్యుని నేర్పు ఉన్నది. ముందు సన్నని ఫైలుతో దారి చేయుట, మోటారు మెలిబలమునకు హద్దు పెట్టుట, ఒకచోట నిలుపక పైకి క్రిందికి కదపుట, కొద్ది పర్యాయములు వాడి పారవేయుట, ఇవన్నియు అందులకే. వేరు లోపల తెగిన ముక్కను తీయుట కష్టము. దాని క్రింది భాగము శుభ్రపడక మిగిలిన పన్నే పోవచ్చును.

తరగతిలో లోహము విరిగిన కథ చెప్పునపుడు "ఎంత బలమైనది?" అని అడిగిన చాలదు. "బరువు నిర్ణయింపబడినదా, వంపు నిర్ణయింపబడినదా?" అని ముందు అడుగవలెను. ఆ ప్రశ్నను అనుసరించియే సూత్రము మారును.