ఓడిన మర్నాడు

అమిత్ శర్మ తీసిన ‘మైదాన్’ 2024 ఏప్రిల్‌లో వచ్చింది. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేస్తూ ఫుట్‌బాల్ కోచ్ అయ్యి, 1951లోనూ 1962లోనూ భారత జట్టుకి ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం కథ అది. రహీం వేషం అజయ్ దేవగణ్ వేశాడు. చూసినవాళ్లందరూ ఆఖర్న వచ్చే జకార్తా ఫైనల్ గురించే చెప్పారు. నిజంగానే బాగా తీశారు. ఫలితం ముందే తెలిసినా కుర్చీ అంచున కూచోబెట్టగలిగారు. నాకు మాత్రం మొదట్లో వచ్చే మ్యాచ్ దగ్గర ఓ పేచీ ఉంది. ఆ పేచీ ఒక్క ‘మైదాన్’తోనే కాదు, ఆటల మీద మనం తీసుకునే సినిమాలన్నిటితోనూ.

1952, హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా మన జట్టుని 10-1తో ఓడించింది. మన ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. మనవాళ్లలో ఎక్కువమందికి కాళ్లకి బూట్లు లేవు. తొంభై నిమిషాల ఆటలో పది గోల్స్ అంటే తొమ్మిది నిమిషాలకొకటి. సినిమా ఈ ఓటమిని ఏం చేసిందంటే, ముందు దోషుల్ని వెతికింది. కలకత్తా క్లబ్బుల మీదే మోజున్న పెద్దమనుషులు, రహీం మీద పగబట్టిన ఒక జర్నలిస్టు. అక్కణ్నుంచి ఆఖరిదాకా ప్రతి ఓటమి వెనకా వీళ్ల నీడ ఉంటుంది. ఓటమి అనేది ఎవరో చేసిన అన్యాయం, దానికి బాకీ తీర్చుకోవాలి, ఫైనల్లో వడ్డీతో సహా తీరుతుంది. ఇదీ లెక్క. ఫెడరేషన్లలో రాజకీయాలు లేవని నేననను. కానీ ఆ రోజు ఎదుటి జట్టు మనకన్నా చాలా బాగా ఆడిందన్న మామూలు మాట అనడానికి సినిమాకి నోరు రాలేదు.

రికార్డు చూస్తే కథ వేరేలా కనిపిస్తుంది. హెల్సింకి తర్వాత మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆస్ట్రేలియాని 4-2తో గెలిచి సెమీఫైనల్‌కి వెళ్లారు. అక్కడ ఎదురైంది మళ్లీ యుగోస్లావియానే. ఈసారి ముందు గోల్ కొట్టింది మనవాళ్లు. ఆఖరికి 4-1తో ఓడిపోయారు. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. సినిమా భాషలో ఇవి రెండు ఓటములు, అంతే. నా కళ్లకి మాత్రం, 10-1కీ 4-1కీ మధ్య ఉన్న ఆ నాలుగేళ్ల పని కనిపిస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక అలవాటుంది. రాత్రి సర్వర్ పడిపోయి నానా రభసా అయితే, మర్నాడు కూచుని ఒక కాయితం రాస్తాం. ఏం జరిగింది, ఎన్నింటికి జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం మారుస్తున్నాం. అందులో ఫలానావాడి వల్ల అని పేర్లు రాయకూడదు. దాన్ని పోస్ట్‌మార్టమ్ అంటారు. పేరు అపశకునంగా ఉంటుంది గానీ పద్ధతి మంచిది. బూట్లు తప్పనిసరి చెయ్యడం అలాంటి కాయితంలో ఆఖరి వాక్యం. ‘మైదాన్’కి ఆ వాక్యం మీద కన్నా, ‘ఎవడి వల్ల’ అన్న ప్రశ్న మీదే ఆసక్తి ఎక్కువ.

జకార్తా సంగతే చూడండి. 1962లో మనవాళ్లు మొదటి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో గెలిచారు. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ మనిషిని రహీం వెనక నుంచి తీసుకొచ్చి ముందు వరసలో ఆడించాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటి ఫైనల్‌కి వెళ్తే, అక్కడ మళ్లీ దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1. మొదట ఓడిన జట్టునే ఆఖర్న గెలిచారు. దీన్ని పగ అనుకోవచ్చు. కానీ పగతో ఊగిపోయేవాడికి డిఫెండర్‌ని ఫార్వర్డ్‌గా మార్చాలన్న ఆలోచన తట్టదు. దానికి నిన్నటి ఆటని కళ్లు మూసుకోకుండా చూడగలిగిన మనిషి కావాలి.

ఇక తెలుగు సినిమాల దగ్గరికొద్దాం. రాజమౌళి ‘సై’ (2004)లో కాలేజీ స్థలం కోసం రగ్బీ ఆడతారు, గెలుస్తారు. ఇంద్రగంటి మోహనకృష్ణ ‘గోల్కొండ హైస్కూల్’ (2011)లో స్కూలు గ్రౌండ్ కోసం క్రికెట్ ఆడతారు, గెలుస్తారు. రెండోది నాకిష్టమైన సినిమా. పిల్లలకి ఆటంటే ఏంటో నిదానంగా చెప్పే సన్నివేశాలు అందులో ఉన్నాయి. అయినా గ్రౌండ్ పోతుందన్న బెదిరింపు మెడ మీద ఉన్నప్పుడు, ఆ పిల్లలకి ఓడిపోయే స్వేచ్ఛ ఎక్కడిది? ‘భీమిలి కబడ్డీ జట్టు’ (2010)లో హీరో గెలుపు తెచ్చి ప్రాణం వదిలేస్తాడు.

ఆ వరసలో అందరికన్నా లోతుగా ఆలోచించిన సినిమా గౌతమ్ తిన్ననూరి ‘జెర్సీ’ (2019). అర్జున్ ఇరవయ్యారేళ్లకి క్రికెట్ మానేసి, ఉద్యోగం పోగొట్టుకుని, కొడుకు అడిగిన జెర్సీకి ఐదొందలు లేక అవస్థ పడి, ముప్ఫయ్యారేళ్లకి మళ్లీ బ్యాట్ పట్టుకుంటాడు. రంజీ జట్టుకి ఎంపికయ్యానని తెలిసిన రోజు రైల్వే స్టేషన్‌కి వెళ్లి, రైలు పోతుంటే ఆ చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. తెలుగు సినిమాలో పదేళ్ల ఓటమికి దొరికిన గొంతు అది. అక్కడితో నాకు సినిమా నిండిపోయింది. కానీ ఆఖర్న తెలుస్తుంది, అతను ఆట మానేసింది గుండెజబ్బు వల్లని, తెలిసి తెలిసీ ఆడి ప్రాణం పోగొట్టుకున్నాడని. థియేటర్లో అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే, ఆ మలుపు అర్జున్‌ని ఓడిపోయినవాళ్ల జాబితాలోంచి కొట్టేసిందనిపించింది. సెలెక్ట్ కాక, కుంగిపోయి, ఇంట్లో కూచున్న మామూలు మనిషిగా అతన్ని ఉండనివ్వలేదు. ఓటమి వెనక త్యాగం ఉందని తేల్చి, ఆ త్యాగాన్ని చావుతో ముగించింది. మన సినిమాల్లో ఆడేవాడికి రెండే దార్లు, గెలవాలి లేదా పోవాలి. ఓడిపోయి, ఇంటికొచ్చి, అన్నం తిని, మర్నాడు గ్రౌండ్‌కి వెళ్లేవాడికి కథ లేదు.

ఇది సినిమాలతో మొదలైన జబ్బు కాదు. కృష్ణానది ఎగువన పల్నాటి కథ ఉంది కదా. కోడిపందెంలో బ్రహ్మనాయుడి పుంజు నాగమ్మ పుంజు చేతిలో ఓడిపోయింది. పందెం ప్రకారం బ్రహ్మనాయుడి పక్షం రాజ్యం వదిలి ఏడేళ్లు వలస పోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. అక్కణ్నుంచి కారెంపూడి యుద్ధం. వీరగాథగా చెప్పుకునేటప్పుడు మనం యుద్ధం దగ్గర ఆగుతాం. నాకు ఆ ఏడేళ్ల మీద ధ్యాస. ఆటలో ఓడినవాళ్లు మాట నిలబెట్టుకున్నారు. గెలిచినవాళ్లు నిలబెట్టుకోలేకపోయారు. ఓటమిని మొయ్యడం ఎంత కష్టమో గెలుపుని మొయ్యడమూ అంతే కష్టమని చెప్పే కథ అది. అలా చెప్పుకోవడం ఎప్పుడు మానేశామో మరి.

ఇప్పుడు సంక్రాంతికి కంకిపాడు, ఉయ్యూరు వైపు వెళ్తే బరుల దగ్గర మిగిలింది వేరే. ఓడిన పుంజు గెలిచినవాడి చేతికి పోతుంది, ఓడినవాడి చేతికి కుక్కుట శాస్త్రం మిగులుతుంది. ఏ వారం ఏ రంగు పుంజుకి బలం, ఏ దిక్కు నుంచి దింపాలి, ఏ నక్షత్రంలో డేగ కాకి మీద నెగ్గుతుంది, అన్నీ అందులో ఉంటాయి. నెగ్గడానికి అదెంత సాయపడుతుందో గానీ, ఓడినప్పుడు చెప్పుకోవడానికి మాత్రం అంతకు మించిన పుస్తకం లేదు. పుంజు మంచిదే, పెంచినవాడూ మంచివాడే, ఘడియ కలిసిరాలేదు. ‘మైదాన్’లో జర్నలిస్టు చేసే పని ఇక్కడ నక్షత్రం చేస్తుంది.

ఈ డెల్టాలోనే దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఉంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. ఫుట్‌బాల్‌లో ఆట అయిపోయిందని రిఫరీ విజిల్ వేసి చెప్తాడు. చదరంగంలో చాలాసార్లు ఆ మాట ఓడినవాడే చెప్పాలి. ఇక లాభం లేదని తెలిశాక గడియారం ఆపి, చెయ్యి చాచి, ఓడిపోయానని ఒప్పుకోవాలి. పెద్ద గేముల్లో ప్రతి ఎత్తూ స్కోర్ షీట్ మీద రాస్తారు కాబట్టి, తను ఎలా ఓడిందీ ఎత్తు ఎత్తుగా తన చేత్తోనే రాసుకుని, కింద సంతకం పెట్టాలి. ఇంత మర్యాదగా ఓడిపోవడం నేర్పే ఆట ఇంకోటి లేదేమో.

2011లో టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం హూ యిఫాన్‌తో ఆడి, హంపి ఒక్క గేమూ గెలవకుండా 5.5-2.5తో ఓడిపోయింది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ప్రపంచ రాపిడ్ పోటీల్లో మొదటి రౌండే ఓడిపోయింది. అయినా పదకొండు రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చుకుని, 2019 తర్వాత రెండోసారి ఆ టైటిల్ గెలిచింది. మళ్లీ 2025 జులైలో బతూమిలో ప్రపంచకప్ ఫైనల్. ఎదురుగా పంతొమ్మిదేళ్ల దివ్య దేశ్‌ముఖ్. రెండు క్లాసికల్ గేములూ డ్రా, మొదటి రాపిడ్ డ్రా, రెండో రాపిడ్‌లో ముప్ఫయ్యెనిమిదేళ్ల హంపి ఓడిపోయింది. ఈ వరసని సినిమాగా తీయమంటే మనవాళ్లు న్యూయార్క్ దగ్గర ఆపేస్తారు. బతూమి ఉందని చెప్పరు. కానీ న్యూయార్క్‌కి ముందు టిరానా, తర్వాత బతూమి ఉండడమే ఆటలో ఉన్న మనిషి జీవితం.

ఓడినప్పుడు పాటించే పద్ధతి ఫుట్‌బాల్‌లోనూ ఉంది. 2018 ప్రపంచకప్‌లో జపాన్ జట్టు బెల్జియం మీద 2-0తో ముందుండి, ఆఖరి నిమిషంలో 3-2తో ఓడిపోయింది. ఆ జట్టు డ్రెసింగ్ రూమ్ శుభ్రం చేసి, రష్యన్‌లో థాంక్స్ అని ఒక చీటీ పెట్టి వెళ్లింది. గుండె పగిలిన మనిషికి ఏం చెయ్యాలో తోచదు. అప్పుడు చేతులకి ముందే నేర్పి ఉంచిన పని ఒకటుంటే అది నిలబెడుతుంది. క్రీడాస్ఫూర్తి అని మనం బరువుగా అనే మాటకి నాకర్థమైన అర్థం ఇంతే. చెయ్యి కలపడం, గది ఊడ్చడం, స్కోర్ షీట్ మీద సంతకం పెట్టడం.

ఇదంతా సినిమా పిచ్చోళ్ల చర్చ అనుకోవచ్చు. విజయవాడలో ఇంటర్ చదివినవాళ్లు అలా అనుకోలేరు. నేను ఊరి బయట ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. గ్రౌండ్ లేదు. వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. జారినవాడు పుస్తకాలు చంకన పెట్టుకుని అందరూ చూస్తుండగా కింది అంతస్తుకి వెళ్లాలి. తప్పిన లెక్క మళ్లీ ఎలా చెయ్యాలో బాగానే చెప్పారు. తప్పినవాడు ఆ సాయంత్రం ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. ఫలితాల రోజు పేపర్ల నిండా ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలే. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు మనకి లేకుండా పోయారు. మూల్యాంకనంలో తప్పులున్నాయని గొడవైంది, సరిచెయ్యాల్సిందే. కానీ పేపరు సరిగ్గా దిద్దినా ఫెయిలయ్యే పిల్లలు ఉంటారు. వాళ్లూ మర్నాడు పొద్దున్నే లేచి కాఫీ తాగాలి కదా.

ఆట ఎందుకు కావాలంటే, ఓటమి చవగ్గా దొరికే చోటు అదొక్కటే. సాయంత్రం ఐదింటికి ఓడిపోయి, ఆరింటికి అదే పిల్లలతో కలిసి పానీపూరీ తినొచ్చు. అలా వందసార్లు ఓడినవాడికి నూటొకటోది, అది పరీక్షైనా ఉద్యోగమైనా, కొత్తగా ఉండదు. మన కాలేజీలు గ్రౌండ్లు తీసేసి ఆ చవక ఓటమిని దొరక్కుండా చేశాయి. మన సినిమాలు ఆటలో ఓటమికి ప్రాణం ఖరీదు కట్టాయి. రెండూ కలిసి పిల్లలకి ఒకే మాట చెప్తున్నాయి.

అందుకే నాకు జకార్తా సినిమా చాలు, రోమ్ సినిమా కావాలి. 1960 ఒలింపిక్స్. హంగరీ చేతిలో 2-1, ఫ్రాన్స్‌తో 1-1, పెరూ చేతిలో 3-1. ఒక్క గెలుపూ లేదు. ఓడిన రెండు మ్యాచుల్లోనూ మన గోల్ కొట్టింది సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం. పెరూ మ్యాచ్ అయిపోయాక బలరాం బూట్లు విప్పుకోవాలి. రహీం మాస్టారు నోట్‌బుక్ తీసి ఏదో రాసుకోవాలి. అందరూ బస్సెక్కాలి. రెండేళ్ల తర్వాత ఏం జరిగిందో ఆ సినిమా చెప్పక్కర్లేదు.