చచ్చి బతికించిన సూక్ష్మజీవి

మా పెంటపాడులో మజ్జిగ పడందే విస్తరి ముందు నుంచి లేవరు. అందుకే మందుల షాపులో ప్రోబయోటిక్ మాత్రల డబ్బా చూసిన పెద్దవాళ్లు అడిగేది ఒకటే: "మన పెరుగులో లేనిది ఇందులో ఏముందయ్యా?" పేగుల్లోని సూక్ష్మజీవులకూ ఒంటి బరువుకూ లంకె ఉందేమోనని శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే గుండెకూ షుగర్‌కూ ముప్పని డాక్టర్లు చెబుతున్నారు. ఆ గీత దాటినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు కనుక ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. జవాబు కావాలంటే రెండు చోట్ల పనితనం చూడాలి. ఒకటి మన వంటిల్లు, రెండోది బెల్జియంలోని ఒక ప్రయోగశాల.

ముందు వంటిల్లు. పిడకల దాలి మీద కుండలో పాలు తీరుబడిగా కాగి ఎర్రబారతాయి, పైన మీగడ దళసరిగా కడుతుంది. దించి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి తోడు వేస్తారు. వేడి మిగిలి ఉంటే తోడులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, మరీ చల్లారితే పాలు తోడుకోవు. సరైన వెచ్చదనంలో ఆ జీవులు పాలలోని చక్కెరను తిని పులుపుగా మారుస్తాయి, పులుపు ముదిరేకొద్దీ పాలలోని మాంసకృత్తులు గడ్డకడతాయి. థర్మామీటర్ లేకుండా ఇంత కచ్చితంగా చేసే పని ఇంకోటి మన ఇళ్లలో లేదు. కాకపోతే ఈ పూట కుండలో ఏ జాతి బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టరు, రుచి కుదిరితే చాలు. ప్రోబయోటిక్ అనే మాటకు మాత్రం ఆ లెక్క కావాలి. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి కూర్చిన నిర్వచనం ప్రకారం జీవి బతికి ఉండాలి, తగినంత మోతాదులో ఉండాలి, ఒంటికి మేలు చేయాలి.

సూక్ష్మజీవిని లెక్కకు లొంగదీయడం మన జిల్లావాళ్లకు కొత్త కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ రోజుల్లో ఆ విటమిన్‌ను తూచిన తక్కెడ లాక్టోబాసిల్లస్ కేసై అని పిలిచిన బ్యాక్టీరియా, మన పెరుగు తోడుకు దాయాదే. విటమిన్ ఎంత ఉంటే అది అంత పెరుగుతుంది.

ఇక బెల్జియం. అక్కర్మాన్సియా మ్యూసినిఫిలా అనే బ్యాక్టీరియా మన పేగుల లోపలి జిగురు పొరలో ఉంటూ ఆ జిగురునే తిని బతుకుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2004లో దానికి పేరు పెట్టారు. స్థూలకాయుల్లో ఇది తక్కువగా ఉంటుందని గమనించి లూవెన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో పాట్రిస్ కాని బృందం దీని వెంట పడింది. చిక్కులు రెండు. ఇది గాలికి తాళలేదు. పైగా దీన్ని పెంచడానికి వాడే మేత జంతువుల జిగురు, మనిషికి ఇచ్చే మందుకు అది పనికిరాదు. ముందు జంతువుల సరుకు లేని మేత తయారుచేశారు. తర్వాత బ్యాక్టీరియాను 70 డిగ్రీల దగ్గర అరగంట వేడిచేశారు. చచ్చిన జీవి పనికి రాదనుకుంటాం కదా? ఎలుకల్లో బతికినదానికన్నా అదే మెరుగ్గా పనిచేసింది. దాని పైపొరలోని ఒక ప్రోటీన్ ఆ వేడికి చెక్కుచెదరదని 2017లో చూపించారు.

మనుషుల మీద ప్రయోగ ఫలితాలు 2019లో వచ్చాయి. అధిక బరువు ఉండి ఇన్సులిన్ సరిగా పనిచేయని 32 మంది మూడు నెలలు చివరిదాకా నిలిచారు. కొందరికి బతికిన బ్యాక్టీరియా, కొందరికి వేడిచేసినది రోజుకు వెయ్యి కోట్ల చొప్పున, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో తీసుకున్నవాళ్లకూ తెలియదు, ఇచ్చినవాళ్లకూ తెలియదు. తిండీ నడకా మార్చుకోవద్దన్నారు. ఉత్తుత్తి మందు వాళ్లతో పోలిస్తే, వేడిచేసినది తీసుకున్నవాళ్లలో ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు సుమారు 29 శాతం మెరుగైంది, మొత్తం కొలెస్ట్రాల్ సుమారు 9 శాతం తగ్గింది.

నన్ను మెప్పించింది ఈ అంకెల కన్నా వాళ్లు గీసుకున్న గిరి. బరువు కాస్త తగ్గినట్టు కనిపించినా అది గణాంకాల పరీక్షకు నిలవలేదని వాళ్లే రాశారు. ఇది తొలి మెట్టు మాత్రమేనన్నారు. గుండెపోట్లు తగ్గుతాయో లేదో తేలాలంటే వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి, ముప్పై రెండు మందిలో అది తేలదు. ఇంకో తమాషా, చచ్చిన జీవి కనుక నిర్వచనం ప్రకారం ఇది ప్రోబయోటిక్ కూడా కాదు. ఇలాంటివాటిని పోస్ట్‌బయోటిక్ అంటున్నారు.

కాబట్టి మా ఊరి పెద్దలకు నా జవాబు ఇది. పెరుగు మంచి తిండి, చక్కెర కలపకుండా తినండి, దాన్ని మందు అనుకోవద్దు. మాత్ర కొనబోతే డబ్బా తిప్పి చూడండి: జాతి పేరుతో పాటు దాని రకం గుర్తు ఉందా, ఎన్ని కోట్లో రాశారా, ఆ రకం మీదే మనుషుల్లో పరీక్ష జరిగిందా? ఒక రకం చేసిన మేలును ఇంకో రకం ఖాతాలో వేయకూడదు. ఏ డబ్బా కొన్నా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపకండి.