చెప్పింది చెప్పినట్టు

కథలాగా, కవితలాగా నిజనిర్ధారణ నివేదిక కూడా తెలుగులో ఒక రచనా ప్రక్రియే. దానికి అవార్డులు రావు, ఎవరూ సమీక్షలు రాయరు. కరపత్రంగానో, బులెటిన్‌లో నాలుగు పేజీలుగానో వచ్చి, పత్రికల్లో లోపలి పేజీ వార్తయి సరిపెట్టుకుంటుంది. అయినా 1974లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం పుట్టినప్పటి నుంచి, 1977లో తార్కుండే కమిటీ ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్లను విచారించినప్పటి నుంచి మనవాళ్లు ఈ ప్రక్రియను సానబెడుతూనే ఉన్నారు. మన అనంతపురం పక్కనే బళ్లారిలో పుట్టి, వరంగల్లులో లెక్కల్లో పరిశోధన చేసి, పాఠాలు చెప్పి, చివరికి హక్కుల న్యాయవాదిగా నిలబడిన బాలగోపాల్ చేతిలో అది గణితమంత కట్టుదిట్టంగా తయారైంది. ఆయన, సహచరులు కలిసి 1998లో మానవహక్కుల వేదిక పెట్టుకున్నారు. ఆ వేదిక తలకెత్తుకున్న పనుల్లో చాలా కష్టమైనది, చాలా కాలం పట్టినది వాకపల్లి.

సంగతి క్లుప్తంగా ఇది. 2007 ఆగస్టు 20 ఉదయం విశాఖ ఏజెన్సీలో జి.మాడుగుల మండలం వాకపల్లికి మావోయిస్టుల కోసం గాలిస్తూ 21 మంది గ్రేహౌండ్స్ పోలీసులు వచ్చారు. తుపాకులు చూపించి తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు అదే రోజు పాడేరు వచ్చి ఫిర్యాదు చేశారు. పోలీసు శాఖ అంతా అబద్ధమంది. సీఐడీ దర్యాప్తు కూడా అదే మాట తేల్చింది. మహిళలు వెనక్కి తగ్గలేదు. 2012లో హైకోర్టు 8 మందిని తప్పించి 13 మందిపై విచారణ సాగాలంది. ఆ 13 మంది సుప్రీంకోర్టుకు పోయారు. 2017 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు వాళ్ల పిటిషన్ కొట్టేసి, ఆరు నెలల్లో విచారణ ముగించమంది. మరుసటి ఏడు విశాఖపట్నం ప్రత్యేక కోర్టులో మొదలైన విచారణ 2023 ఏప్రిల్ 6న ముగిసింది. నిందితులంతా నిర్దోషులుగా విడుదలయ్యారు. దర్యాప్తు అధికారుల వైఫల్యమే ఇందుకు కారణమని కోర్టు చెప్పింది. ఆ మహిళలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఆదేశించింది.

ఓడిపోయిన కేసులో మెచ్చుకోవాల్సిన పనితనం ఏముందని అడగవచ్చు. శిక్ష పడలేదు, నిజమే. కానీ పదిహేనేళ్ల పైచిలుకు కాలంలో ఎన్ని దెబ్బలు తగిలినా 11 మంది చెప్పిన మాట చెరిగిపోలేదు. పరిహారానికి ఆదేశించడమంటే కోర్టు వాళ్ల మాటను నమ్మినట్టేనని తీర్పు రోజున మానవహక్కుల వేదిక వ్యాఖ్యానించింది. ఆ మాట అంతకాలం నిలవడానికి ముందుగా కారణం ఆ మహిళల గుండెనిబ్బరం. రెండో కారణం, వాళ్ల మాటను పాడుచేయకుండా కాపాడుకోవడం తెలిసిన మనుషులు పక్కన ఉండటం. ఈ వ్యాసం ఆ రెండో దాని గురించి.

ఎన్‌కౌంటర్ మీద నివేదిక రాసేవాళ్లకు పట్టుకొమ్మలు చాలా ఉంటాయి. శవం ఉంటుంది, తూటా దెబ్బ ఉంటుంది, చెట్టు బెరడు మీద గుర్తు ఉంటుంది, పంచనామా ఉంటుంది. అత్యాచారం విషయంలో బతికి ఉన్న మనిషి మాటే ప్రధాన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సేకరించే పద్ధతే దాన్ని చెడగొట్టవచ్చు, చెప్పే మనిషిని మళ్లీ గాయపరచవచ్చు. అందుకే ఇక్కడ పనితనమంతా ముందు ప్రశ్న దగ్గరే బయటపడుతుంది.

ఒక్క ప్రశ్న తీసుకుందాం. “ఎన్ని గంటలకు జరిగింది?” గడియారం చూసి బతకని ఊళ్లో ఈ ప్రశ్న వేస్తే ఏదో ఒక అంకె వస్తుంది. ఒకామె ఆరంటుంది, మరొకామె ఎనిమిదంటుంది. రేపు బోనులో నిలబెట్టి ఆ రెండు గంటల తేడానే అబద్ధానికి రుజువంటారు. పని తెలిసినవాళ్లు గంట అడగరు. “అమ్మా, అప్పటికి పొయ్యి రాజేశారా? మగవాళ్లు పొలానికి పోయారా? పశువుల్ని విప్పారా?” అని అడుగుతారు. ఆ జవాబులు పదేళ్లయినా మారవు, ఎందుకంటే అవి రోజూ జరిగే పనులు. అట్లాగే “ఎందుకు అరవలేదు? ఎందుకు పారిపోలేదు?” అనే ప్రశ్నలు నోట రానివ్వరు. ‘ఎందుకు’ అన్నప్పుడల్లా తప్పు ఆమె వైపు జరుగుతుంది. “తర్వాత ఏమైంది?” అని మాత్రమే అడిగి ఊరుకుంటారు. ఆ మౌనాన్ని భరించడం నేర్చుకోవడానికే కొందరికి ఏళ్లు పడుతుంది.

రెండోది భాష. విశాఖ ఏజెన్సీ కోందులు ఇంట్లో మాట్లాడేది కువి. తెలుగులాగే అదీ ద్రావిడ కుటుంబంలోదే అయినా మనకు ఒక్క ముక్క అర్థం కాదు. బయటివాళ్లతో వాళ్లు తెలుగులో నెట్టుకొస్తారు. సంతలో బేరానికి సరిపోయే తెలుగు ఇలాంటి బాధ చెప్పుకోవడానికి సరిపోదు. దుబాసీ కావాలి. ఆ దుబాసీ ఊరి పెద్దమనిషి అయితే ఆడవాళ్లు నోరు విప్పరు. ప్రభుత్వ ఉద్యోగి అయితే భయపడతారు. బంధువైతే సిగ్గుపడతారు. భాష తెలిసి, విన్నది కడుపులో దాచుకోగల మరో ఆడమనిషిని వెతికి పట్టుకోవడం నివేదిక రాయడం కంటే పెద్ద పని. ఆమె పేరు చివరి పేజీలో కూడా కనిపించదు.

మూడోది, ఎప్పుడు ఆపాలో తెలియడం. ఇలాంటి ఘటన జరిగిన ఊరికి రాకపోకలు మొదలవుతాయి. ఎమ్మెల్యే, రెవెన్యూ అధికారులు, పోలీసులు, పార్టీలు, పత్రికలు, మహిళా సంఘాలు, కమిషన్లు అందరూ వస్తారు. వచ్చిన ప్రతివాళ్లూ మొదటి నుంచి చెప్పమంటారు. పదిసార్లు చెప్పిన మాట పదిరకాలుగా రికార్డవుతుంది, అందులో ప్రతి తేడా డిఫెన్సు లాయరుకు పనికొస్తుంది. మంచి బృందం తనకు కావలసినంతే అడుగుతుంది. మిగతాది మేజిస్ట్రేటు ముందు చెప్పే వాంగ్మూలానికి వదిలేస్తుంది. తన నివేదికకు ఘాటు తగ్గినా సరే, ఆమె కేసుకు బలం పోకూడదన్నది లెక్క. విన్నదంతా అచ్చు వేయకపోవడం, చెప్పనిది లాగకపోవడం ఈ ప్రక్రియలో అన్నిటికంటే గట్టి నియమాలు. పేర్లు రాయరు, ఊరివాళ్లు ఇట్టే పోల్చుకునే గుర్తులూ రాయరు. కోర్టుకు చెప్పడానికి ఒప్పుకున్న మనిషి పత్రికకు చెప్పడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు గనక, ఎక్కడికక్కడ విడిగా అడుగుతారు. ఆమె వద్దంటే కాగితం చించేయడమే.

ఇక రాత. ఈ నివేదికల్లో విశేషణాలు వెతికినా దొరకవు. పత్రికలో ‘మృగాళ్లు’ అని అచ్చయ్యేచోట ఇక్కడ ‘యూనిఫాంలో ఉన్నవారు’ అని ఉంటుంది. ఎవరెవరు వెళ్లారు, ఏ తేదీన వెళ్లారు, ఎవరిని కలిశారు, పోలీసులు ఏమన్నారు, ఎవరిని కలవలేకపోయారు అన్నవి ముందే చెబుతారు. తర్వాత విన్నది, ఆ తర్వాత దాని మీద తమ అంచనా, చివర డిమాండ్లు. విన్నదీ అనుకున్నదీ ఎక్కడా కలవనివ్వరు. చదివేవాళ్లకు కోపం తెప్పించే పని వాస్తవాలకే వదిలేస్తారు. బాలగోపాల్ గద్యం చదివినవాళ్లకు ఈ నిగ్రహం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఒకవైపు జరుగుతుంటే మరోవైపు ప్రభుత్వ దర్యాప్తు ఏం చేసిందో తీర్పే చెప్పింది. నిందితులను బాధితులకు చూపించి గుర్తింపు పరేడ్ నిర్వహించలేదు. నియమాలు లేక కాదు, ఫిర్యాదు అందిన 24 గంటల్లో బాధితురాలిని వైద్యపరీక్షకు పంపాలని నేర విచారణ స్మృతిలో 164ఎ సెక్షన్ చేరింది కూడా వాకపల్లి కంటే ముందే. జీతం, జీపు, ల్యాబు అన్నీ ఉన్న దర్యాప్తు చేతులెత్తేసిన చోట, ఏమీ లేని మనుషులు రాసిపెట్టింది మిగిలింది.

ఇప్పుడు డబ్బు సంగతి. సాయుధ సంఘర్షణల్లో లైంగిక హింసను నమోదు చేయడానికి గత పదిహేనేళ్లలో ప్రపంచంలో కొంత సొమ్ము, కొంత శ్రద్ధ పోగయ్యాయి. 2012లో బ్రిటన్ ప్రభుత్వం ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆధారాలు ఎలా సేకరించాలో చెప్పే అంతర్జాతీయ ప్రోటోకాల్ 2014లో వచ్చింది, 2017లో దాన్ని సవరించారు. కాంగో వైద్యుడు డెనిస్ ముక్వెగే, ఇరాక్ యజీదీ మహిళ నాదియా మురాద్ 2018లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు. ఆ మరుసటి ఏడు ఇద్దరూ కలిసి బాధితులకు పరిహారం కోసం ఒక ప్రపంచ నిధి స్థాపించారు. బాధితుల చుట్టూ అల్లుకున్న విధానం కావాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కూడా 2019లో 2467వ తీర్మానంలో చెప్పింది. బాధితుల మాట సేకరించేవాళ్ల కోసం 2022లో వచ్చిన మురాద్ కోడ్ చెప్పే నియమాలు, పైన చెప్పుకున్న పద్ధతులకు దగ్గరి చుట్టాలు. మన ఆడవాళ్లూ, మన కార్యకర్తలూ ఏజెన్సీలో నేర్చుకున్నదే అక్కడ నియమావళిగా అచ్చయిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

ఆ సొమ్ము మాత్రం వాకపల్లి లాంటి ఊళ్ల దరిదాపులకు రాదు. మావోయిస్టు ప్రాంతాల్లో జరిగేది శాంతిభద్రతల సమస్యే తప్ప సాయుధ సంఘర్షణ కాదన్నది మన ప్రభుత్వ వైఖరి. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని మరో చిన్న సంస్థకు ఇవ్వడం కుదరదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. దానికితోడు ప్రాజెక్టుల లెక్క ఒకటి ఉంది. రెండేళ్లో మూడేళ్లో గడువు, ఎంతమందితో మాట్లాడారన్న అంకె. వాకపల్లికి పదిహేనేళ్లు పట్టింది. అంకె పెంచాలనుకుంటే మాట్లాడలేని మనిషి చేత కూడా మాట్లాడించాలి. అక్కడే పనితనం చచ్చిపోతుంది.

మానవహక్కుల వేదిక ప్రభుత్వాల దగ్గరా, విదేశీ సంస్థల దగ్గరా నిధులు తీసుకోదు. సభ్యులు, మిత్రులు ఇచ్చే చందాలతోనే నడుస్తుంది. డబ్బు కోసం చేస్తున్నారన్న మాట పడకుండా కాపాడింది ఆ నియమమే. కానీ దానికీ హద్దుంది. కార్యకర్త తన బస్సు టికెట్ తాను కొనుక్కోవచ్చు. సాక్ష్యం చెప్పడానికి పాడేరు కొండల నుంచి వంద కిలోమీటర్లు దాటి విశాఖకు వచ్చే కూలి మనిషికి పోయిన కూలి ఎవరిస్తారు? తోడు వచ్చిన మనిషి భోజనం, చంటిబిడ్డ పాలు, రాత్రి బస, కేసు జరిగినన్నాళ్లూ మనసు చిక్కబట్టుకోవడానికి కావలసిన వైద్యం ఎవరి ఖాతాలో వేయాలి? నమోదు చేసేవాళ్లు నిధులకు దూరంగా ఉండటం మంచిదే కావచ్చు. నమోదుకు నిలబడిన మనిషి ఖర్చు మాత్రం ఎవరో ఒకరు తప్పక పెట్టుకోవాలి.

చట్టంలో దానికి దారి ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు 1995లో వచ్చాయి. వాటిలో 11వ నియమం ప్రకారం బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చు, రోజు భత్యం, భోజనం ఖర్చు ప్రభుత్వమే ఇవ్వాలి. ఆడవాళ్లయితే తాము కోరుకున్న మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ ఖర్చూ ప్రభుత్వానిదే. 2016 నుంచి అమల్లోకి వచ్చిన 15ఎ సెక్షన్ ఈ హక్కులను చట్టంలోకే ఎక్కించింది. ఈ ఖర్చుల బిల్లు పెట్టించి, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి, డబ్బు చేతికందేదాకా వదలకపోవడం కూడా నమోదు పనిలో భాగమే. నివేదికలో నాలుగు పేజీలు ఎంత ముఖ్యమో ఆ రసీదు అంత ముఖ్యం.

అనంతపురంలో కూర్చుని ఇదంతా ఎందుకంటారా? డబ్బిస్తే దాని ఫలితం మనకు కళ్లకు కనబడాలి. 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ గారి సంస్థ కట్టిన ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి చూసి పెరిగిన ఉమ్మడి జిల్లా మనది. నమోదు పనికి శిలాఫలకం ఉండదు, అందుకే దాతలు దొరకరు. మన ఫ్యాక్షన్ చరిత్రలో తలలు తెగిన లెక్క ఊరూరా నోటికి చెబుతారు. ఆ పగల మధ్య ఆడవాళ్ల మీద జరిగినదాన్ని ఆ శ్రద్ధతో ఎవరు రాసిపెట్టారు? కరువుకు ఊళ్లు ఖాళీ అయిన ఏళ్లలో కదిరి చుట్టుపక్కల నుంచి పుణే, ముంబై, ఢిల్లీలకు తరలించి అమ్మేసిన ఆడపిల్లల్లో తిరిగొచ్చినవాళ్లున్నారు. వాళ్ల మాట ఏ భయం లేకుండా, పేరు బయటపడకుండా, కేసుకు పనికొచ్చేలా రాసుకునేవాళ్లు ఇప్పటికీ అతికొద్దిమంది.

కాబట్టి ఇవ్వగలిగినవాళ్లకు ఒక విన్నపం. ఏ హక్కుల బృందానికైనా, మహిళా సంఘానికైనా చందా ఇచ్చేటప్పుడు ఎన్ని నివేదికలు వేశారని అడక్కండి. దుబాసీకి ఎంత ఇచ్చారు, సాక్షి పోగొట్టుకున్న కూలి ఎలా సర్దారు, తీర్పు వచ్చేదాకా ఎవరు తోడుంటారు అని అడగండి. జవాబు సరిగా ఉంటే ఏటా ఇవ్వండి, పదిహేనేళ్లు ఇవ్వండి.