'ఆసక్తి' ఎవరి ఆస్తి?

అమెరికాలో ఏరికోరి విద్యార్థుల్ని చేర్చుకునే కాలేజీలు మార్కులూ వ్యాసాలూ చూసి ఊరుకోవు. వాటిలో చాలా కాలేజీలు మరో ప్రశ్న కూడా వేస్తాయి: 'ఈ పిల్లకి మా కాలేజీ మీద ఆసక్తి ఉందా? ఉంటే ఎట్లా చూపించింది?' దీనికక్కడ 'డెమాన్‌స్ట్రేటెడ్ ఇంటరెస్ట్' అని పేరు. అంటే ప్రదర్శించిన ఆసక్తి. కాలేజీలు ఏటా ప్రకటించే సమాచార పట్టికలో దీనికొక గడే ఉంది. 'చాలా ముఖ్యం' నుంచి 'పరిగణించం' దాకా నాలుగు మెట్లు. వినటానికి అమాయకంగా ఉన్న ఈ మాటని విప్పి చూడాలనుకుంటున్నాం.

ఆసక్తిని ఎట్లా ప్రదర్శిస్తారు? క్యాంపస్‌కి వెళ్లి చూసిరావాలి. అడ్మిషన్ల అధికారులకి రాస్తుండాలి. పూర్వవిద్యార్థుల ముందు ఇంటర్వ్యూకి కూర్చోవాలి. పంపిన ఈమెయిల్ తెరిచారో లేదో లెక్కగట్టే కాలేజీలూ ఉన్నాయి. అన్నిటికంటే గట్టి రుజువు 'ఎర్లీ డెసిషన్'. సాధారణంగా నవంబరులోనే ఒక్క కాలేజీకి దరఖాస్తు పెట్టి, సీటిస్తే చేరతామని మాటివ్వటం. ఇచ్చే సాయం చాలకపోతే తప్పుకోవచ్చు గానీ, నాలుగు కాలేజీల సాయాన్ని పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలుండదు. ఫీజు లెక్కలు వేసుకోనక్కర్లేని ఇంటి పిల్లలే నిబ్బరంగా అట్లా మాటివ్వగలరు.

కాలేజీల వాదన కూడా వినాలి. సీటిచ్చినవాళ్లలో ఎంతమంది చేరతారో తెలియకపోతే తరగతులు ఖాళీగా ఉంటాయి, లేదా హాస్టళ్లు కిక్కిరిసిపోతాయి. నిజమే. కానీ దీని వెనక పరువు లెక్క కూడా ఉంది. చేరినవారి శాతాన్ని ఒక ప్రసిద్ధ పత్రిక 2003 వరకు తన ర్యాంకుల్లో కలిపింది. తర్వాత తీసేసింది. అలవాటు మాత్రం పోలేదు. 2017లో వెలువడిన ఒక అర్థశాస్త్ర అధ్యయనం, కాలేజీని సంప్రదించినవారికి, ముఖ్యంగా స్వయంగా వెళ్లివచ్చినవారికి, సీటు వచ్చే అవకాశం పెరుగుతోందని తేల్చింది. విమానం టికెట్టు కొనగలిగినవాడి ఆసక్తి బరువు తూగుతోంది. సాయంత్రాలు దుకాణంలో పనిచేసే నల్లజాతి పిల్ల ఆసక్తి తూకానికే రావటం లేదు.

ఇట్లాంటి కొలతలకి చరిత్ర ఉంది. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్, యూదు విద్యార్థులు ఎక్కువైపోయారని కోటా పెట్టబోయాడు. బహిరంగ కోటాకి వ్యతిరేకత రావటంతో 1926 నాటికి 'వ్యక్తిత్వం' అనే కొలత ముందుకొచ్చింది. పరీక్షలో గెలిచినవాణ్ణి పరీక్షలో ఓడించలేరు కదా, అందుకే కొలవటానికి వీల్లేని గుణాన్ని కనిపెట్టారు. నేటి 'ఆసక్తి' ఆ ఉద్దేశంతో పుట్టిందని మేం అనటం లేదు. పనిచేసే తీరు మాత్రం అదే. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవటాన్ని కొట్టేసింది. వివక్షకి గురైనవాడి జాతి లెక్కకి రాకూడదట, స్థోమతున్నవాడి ఆసక్తి రావచ్చునట!

ఇది తప్పనిసరేమీ కాదు. ప్రదర్శించిన ఆసక్తిని లెక్కించబోమని ఎం.ఐ.టి. చెబుతోంది. దానివల్ల ఆ సంస్థ కూలిపోలేదు.

మరి మన దగ్గర? పేరు వేరు, పని ఒకటే. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాతపరీక్షకి 100, ఇంటర్వ్యూకి 50 మార్కులు పెడితే, 1980లో అజయ్ హాసియా కేసులో సుప్రీంకోర్టు అది ఏకపక్షమన్నది. ఇంటర్వ్యూ వాటా 15 శాతం దాటకూడదన్నది. అయినా 2024లో యు.జి.సి. పిహెచ్.డి. ప్రవేశాల్లో నెట్ మార్కులకి 70, ఇంటర్వ్యూకి 30 శాతం బరువు పెట్టింది. జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికైతే ఇంటర్వ్యూయే ఆధారం. ఆ గదిలో అడిగేదేమిటి? 'మీకీ విషయం మీద నిజంగా ఆసక్తి ఉందా?' ఇంగ్లీషు తడుముకోకుండా వచ్చినవాడికి ఆసక్తి ఉన్నట్టు, మాల, మాదిగ వాడల నుంచి మొదటిసారి ఆ మెట్లెక్కి తలొంచుకు కూర్చున్నవాడికి లేనట్టు! బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ 1913లో కొలంబియా చేరాడు. ముందుగా వెళ్లి చూసివచ్చి ఆసక్తి నిరూపించుకోమంటే ఆయన గతేమిటి?

ఆసక్తి అడగొద్దని మేం అనటం లేదు. ఖర్చు లేకుండా చెప్పుకునే దారిలో అడగండి: ఒకే ప్రశ్న, తెలిసిన భాషలో రాసిన ఒక పేజీ. ఇంటర్వ్యూ మార్కుల్ని రాతపరీక్ష మార్కుల పక్కన, సామాజిక వర్గాల వారీగా ప్రకటించండి. ఆ రెండు వరుసల మధ్య తేడా ఎవరి పిల్లల దగ్గర పెరుగుతోందో విద్యార్థి సంఘాలు ప్రతి విశ్వవిద్యాలయంలో అడగాలి.