తక్కెడ ఎవరి చేతిలో?

రాజులకి మంచి చెప్పే పుస్తకాలని ఒక ప్రశ్నతో చదవాలి: ఇక్కడ కొలిచేదెవరు, కొలతకి లొంగేదెవరు? నసీరుద్దీన్ తూసీ 1235 ప్రాంతంలో పర్షియన్‌లో రాసిన ‘అఖ్లాక్-ఇ-నాసిరీ’ ఈ ప్రశ్నకి రెండు జవాబులిస్తుంది. ఆ రెంటికీ పొత్తు కుదరదు. ఈ పుస్తకాన్ని ఇప్పుడు చదవడానికి అదే కారణం.

ఇరాన్ తూర్పున కుహిస్తాన్‌ని ఏలే ఇస్మాయిలీ పాలకుడు, మిస్కవైహ్ అరబ్బీ నీతిగ్రంథాన్ని పర్షియన్‌లోకి తెమ్మని తూసీని అడిగాడు. తూసీ అంతటితో ఆగకుండా, ఇంటి నిర్వహణ, రాజ్యపాలన అనే భాగాలు కూడా చేర్చాడు. మిస్కవైహ్ వెనక ఉన్నది అరిస్టాటిల్. ఆయన ‘నికొమాకియన్ ఎథిక్స్’ అప్పటికే అరబ్బీలోకి వచ్చేసింది.

పిరికితనానికీ తెగింపుకీ నడుమ ఉండేది ధైర్యం. అరిస్టాటిల్ దగ్గర ఈ నడిమి దారి ఎవరికి వాళ్ళు వెతుక్కునేది. తూసీ రాజ్యభాగంలో అది సమాజం మొత్తానికి కొలత అయిపోతుంది. కలం పట్టినవాళ్ళు నీరు, కత్తి పట్టినవాళ్ళు నిప్పు, వర్తకులు గాలి, రైతులు నేల. ఏ ఒక్కటీ మిగతావాటిని మించకూడదు, అదే న్యాయం. రాజు ఈ లోకానికి వైద్యుడు. వినడానికి బాగానే ఉంది. కానీ నేల ఎప్పటికీ నేలగానే ఉండాలి కదా! నాలుగు వర్గాల లెక్క ఇరాన్‌లో పాతదే. గ్రీకు సమతూకం దానికి కొత్త సమర్థన అయింది.

మరి సలహా చెప్పేవాడి సంగతి? 1256లో మంగోలులు ఇస్మాయిలీ కోటల్ని పట్టుకున్నాక తూసీ హులగు కొలువులో చేరాడు. తర్వాత ముందుమాట మార్చి, పాత ప్రభువుల పొగడ్త తనని తాను కాపాడుకోడానికి రాసిందేనన్నాడు. అవకాశవాదం అని కొట్టిపారేయడం తేలిక. కానీ కలం పట్టినవాళ్ళు నీరని చెప్పింది ఆయనే. నీరు పోసిన పాత్ర ఆకారానికే వస్తుంది. రాజుని కొలిచే తక్కెడ మాత్రం ఆయన దగ్గర లేదు.

అయినా అదే రాజ్యభాగంలో ప్రేమ గురించి ఒక అధ్యాయం ఉంది. మనుషుల మధ్య ప్రేమ ఉంటే న్యాయంతో పనే ఉండదంటాడు తూసీ. ఇది అరిస్టాటిల్ స్నేహం గురించి చెప్పిన మాటే. పది భాగాల గ్రంథంలో ఆయన రెండు భాగాలు స్నేహానికే ఇచ్చాడు. ఈ మాట ఒప్పుకుంటే, రాజు పంచే న్యాయం ఒక లోటుని పూడ్చే ఏర్పాటు మాత్రమే. తూసీ అంత దూరం వెళ్ళలేదు. వెళ్ళడానికి దారి మాత్రం పుస్తకంలోనే వదిలేశాడు.